ఐసుపెట్టెలో వచ్చిన కాల్షియం

మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పడానికి కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఆమధ్య కాకినాడలో మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ నాలాగే ఎమ్మెస్సీ చదివి, పీహెచ్‌డీ చేసి వచ్చినవాళ్ళు. మీ అనుభవాలు రాయండి మేడం, మాకు పనికొస్తాయి అన్నారు. పనికొస్తాయని నాకేమీ నమ్మకం లేదు. కానీ వాళ్ళు కాఫీ తాగుతూ, కొవ్వు కణాల మీద పరిశోధన చేద్దామనుకుంటున్నాం అని ఉత్సాహంగా చెబుతుంటే నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. అందుకే రాస్తున్నాను. ఎప్పుడు చేరానో, ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, తనిఖీలకు ఎన్ని ఫైళ్ళు సర్దానో రాయను. అవి అందరికీ ఒక్కలాగే ఉంటాయి.

ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. మీరు అడుగు పెట్టింది డాక్టర్ల ఇంట్లోకి. అందులో మీరు అద్దెకుండేవాళ్ళు. ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచినా సొంతదారులు కాలేరు. "ఆవిడ డాక్టరు కాదులెండి, పీహెచ్‌డీ" అన్న మాట నేను సర్వీసంతా విన్నాను. మొదటి ఏడాది మీ దగ్గర కూర్చుని ఇన్సులిన్ అంటే ఏమిటో నేర్చుకున్న పిల్లలే, మెడలో స్టెతస్కోపు పడగానే మిమ్మల్ని ల్యాబ్ మేడం అంటారు. దానికి ఏడవక్కర్లేదు, నేనూ ఏడవలేదు. అయితే మీ మాటా స్టెతస్కోపు మాటా ఎదురెదురుగా నిలబడిన రోజున ఎవరి మాట చెల్లుతుందో మాత్రం తెలిసి ఉండాలి. నేను చెప్పబోయేదంతా అదే.

నూనె సంచి కాదు

నేను చదువుకునే రోజుల్లో కొవ్వు కణం గురించి పుస్తకంలో నాలుగు ముక్కలుండేవి. తిన్నది మిగిలితే దాచుకునే సంచి అని. ఆ మాట పట్టుకుని చాలామంది డాక్టర్లు ఇవాళ్టికీ పొట్ట ఉన్న రోగి కనపడగానే కసురుతారు. ఆ సంచికి ప్రాణం ఉంది. అది ఇన్సులిన్ చెప్పే మాట వింటుంది, ఆకలి సంగతి మెదడుకి కబురు చేస్తుంది, ఎప్పుడు దాచాలో ఎప్పుడు వదలాలో తేల్చుకుంటుంది. ఆ తేల్చుకోవడంలో కాల్షియానికి పెద్ద పాత్ర ఉంది.

కాల్షియం అనగానే మనకి ఎముకలూ పాలూ గుర్తొస్తాయి. కణం లోపల మాత్రం అది ఒక కబురు. బయట రక్తంలో ఉన్నదాంట్లో ఏ పదివేలో వంతో లోపల స్వేచ్ఛగా తిరుగుతుంది. మిగతాదాన్ని పంపులు బయటికి తోడేస్తాయి, లేదా లోపల ఉన్న చిన్న చిన్న అరల్లోకి ఎక్కించి మూత పెడతాయి. అవసరం వచ్చినప్పుడు తలుపు తెరుచుకుంటుంది, కాల్షియం కాసేపు పొంగుతుంది, కబురు అందుతుంది, పంపులు మళ్ళీ తోడేస్తాయి. మన కాలువల కింద సేద్యం చూసినవాళ్ళకి ఇది అర్థం కావడం కష్టం కాదు. కాలువ నిండుగా పారుతున్నంత మాత్రాన చేను మునిగిపోదు. తూము ఎప్పుడు తీశారు, ఎప్పుడు మూశారు అన్నదే అసలు సంగతి.

ఒళ్ళు పెరిగి షుగరు వచ్చిన మనిషిలో ఆ తూములూ పంపులూ గాడి తప్పుతాయనీ, కొవ్వు కణంలో కాల్షియం దిగవలసినంత దిగకుండా నిలిచిపోతుందనీ ఒక అనుమానం ఉంది. అలా నిలిచిపోతే కణం ఇన్సులిన్ మాట సరిగా వినదు, దాచిన కొవ్వుని తొందరగా వదలదు. అనుమానం మంచిదే, ఇప్పటికీ తేలలేదు. తేల్చడమే కష్టం. కణంలోకి ఒక రంగు ఎక్కిస్తాం, కాల్షియం తగిలితే అది వెలుగుతుంది, ఆ వెలుగుని యంత్రం కొలుస్తుంది. కణం దెబ్బతిని ఉంటే దాని పంపులు పనిచేయవు కాబట్టి బయటి కాల్షియమంతా దర్జాగా లోపలికి వచ్చేస్తుంది, రంగు బ్రహ్మాండంగా వెలుగుతుంది. వెలుగు చూసి మురిసిపోయే ముందు కణం బతికుందో లేదో చూసుకోవాలి. ఈ ఒక్క వాక్యం మా ప్రొఫెసర్ గారి చెవిన ఇల్లు కట్టుకుని పోరాను.

ప్రొఫెసర్ గారు

ఆయన పేరు రాయను. జనరల్ మెడిసిన్ పెద్ద. చెయ్యి మంచిదని పేరు. నిజంగానే మంచిది, అది కాదంటే నేను అబద్ధాలకోరునవుతాను. రోగిని ఒకసారి చూస్తే పేరుతో సహా గుర్తుండేది. ఎంత పేదవాళ్ళనైనా అండీ అనకుండా పిలిచేవారు కాదు. వారానికొకసారి తుని వెళ్ళి అక్కడ క్లినిక్‌లో కూర్చునేవారు, ఆ రోజు సముద్రం ఒడ్డు ఊళ్ళన్నీ అక్కడే ఉండేవి. అలాంటి మనిషికి ఉన్నట్టుండి పరిశోధకుడిగా కూడా పేరు తెచ్చుకోవాలని కోరిక పుట్టింది. కొవ్వు కణాల్లో కాల్షియం మీద ప్రాజెక్టు తెచ్చుకుని, ల్యాబులో బెంచీ ముందు చేసే పని నన్ను చూడమన్నారు.

కొవ్వు ముక్కలు రెండు చోట్ల నుంచి రావాలి. షుగరు లేనివాళ్ళవి మా కాలేజీ ఆస్పత్రిలోనే, పై అంతస్తు ఆపరేషన్ థియేటర్ నుంచి. పిత్తాశయంలో రాళ్ళకో, హెర్నియాకో కడుపు కోసినప్పుడు, రోగి ఒప్పుకుంటే చిన్న ముక్క తీసి కిందికి పంపేవారు. షుగరు ఉన్నవాళ్ళవి తునిలో ఆయన స్నేహితుడి నర్సింగ్ హోమ్ నుంచి. ఆయన రోగులు అక్కడే ఆపరేషన్లు చేయించుకునేవారు. వాళ్ళ ఒప్పుదల అడగడానికి నేను తుని వెళ్ళేదాన్ని. డాక్టర్లకి అంత ఓపిక ఉండదు కదా.

నూకరత్నాన్ని అక్కడే చూశాను. తునికి దిగువన సముద్రం ఒడ్డు ఊరు, తుని మార్కెట్లో చేపలమ్ముతుంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. పిత్తాశయంలో రాళ్ళు, పైన షుగరు. మీ పొట్టలోంచి గోరంత కొవ్వు తీసుకుంటాం, మీకేమీ ఇబ్బంది ఉండదు, ఇష్టం లేకపోతే వద్దనొచ్చు అని చెప్పాను. ఆవిడ నవ్వి, కావాలంటే గంపెడు తీసుకోండి అంది. తర్వాత నవ్వు ఆపి ఒక మాట అడిగింది.

"అందులో ఏం కనబడిందో నాకూ సెప్తారాండి? నాది కదా."

చెప్తానన్నాను. అంతకుముందు ఏ రోగీ అలా అడగలేదు.

ఐసు

తుని నుంచి ముక్కలు థర్మోకోల్ పెట్టెలో, దంచిన ఐసులో కూరి వచ్చేవి. అక్కడివాళ్ళ తప్పేం లేదు. చేపల రేవుల ఊళ్ళు మనవి. పాడవకుండా ఉండాలంటే దేన్నైనా ఐసులో పెట్టాలన్నది అక్కడ పుట్టిన ప్రతివాళ్ళకీ నేర్పకుండానే వచ్చే తెలివి. కాలేయం, కండ, రక్తం లాంటివాటికి ఐసు మంచిదే. కొవ్వు కణానికి కాదు. చలికి దాని కడుపులోని నూనె గడ్డకడుతుంది, పైన పొర పల్చన, అది చిట్లిపోతుంది. దాన్ని ఒంటి వేడి మీద, ప్లాస్టిక్ సీసాలో, వీలైనంత తొందరగా తేవాలి. మా పై అంతస్తు నుంచి అలాగే వచ్చేది. ఆయా చేత్తో పట్టుకుని మెట్లు దిగి ఇచ్చేసేది.

ప్రొఫెసర్ గారికి చెప్పాను. ఆయన పుట్టింది కూడా సముద్రం ఒడ్డునే. కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

"ఐసులో పెడితే పాడవుతుందంటారేంటండీ. ఈ మాట మా ఊళ్ళో అంటే పడవలెక్కి మరీ వచ్చి నవ్వుతారు."

ఫలితాలు ఎలా వచ్చాయో చెప్పక్కర్లేదు. షుగరు ఉన్నవాళ్ళ కణాలన్నీ దీపాల్లా వెలిగాయి. లేనివాళ్ళవి మసకగా ఉన్నాయి. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. డిపార్ట్‌మెంట్ అంతటికీ కోటయ్య కాజాలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను, తింటూనే ఒక పని చేయాలనుకున్నాను.

పై అంతస్తులో ఒక పేషెంటుకి ఆపరేషన్ ఉంది, షుగరు లేదు. ఆ పేషెంటు కొవ్వు ముక్కని రెండు చేశాను. ఒక సగం వెచ్చగా ఉంచాను. రెండో సగాన్ని తుని నుంచి కారు రావడానికి పట్టేంతసేపు ఐసులో పెట్టాను. ఐసులోది బయటికి తీసి చూస్తే పైన నూనె తేలింది, చేపల పులుసు మీద తేలినట్టు. చచ్చిన కణాల్లోంచి కారే ఎంజైము కూడా అందులో దండిగా ఉంది. యంత్రంలో పెడితే తుని షుగరు రోగుల కణాల్లాగే వెలిగింది. ఒకే మనిషి, ఒకే ముక్క. ఐసులో పెట్టిన సగానికి షుగరు వచ్చేసింది. మరికొందరి ముక్కలతో చేశాను, అదే తంతు.

కాగితాలు పట్టుకెళ్ళి ప్రొఫెసర్ గారి ముందు పెట్టాను. ఆయన తెలివితక్కువ మనిషి కాదు, చూడగానే అర్థమైంది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మీరు బెంచీ మనిషి, నేను రోగుల్ని చూస్తున్నాను, నాకు కనపడేది మీకు కనపడదు అన్నారు. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉంచండి, రెండో విడతలో మీరన్నట్టు వెచ్చగా తెప్పిద్దాం అన్నారు. అయితే ఈ విడత ఫలితాల మీద నా పేరు వద్దన్నాను. ఎంతో సంతోషంగా తీసేశారు. ఆ సంతోషం ఇప్పటికీ నాకు మంట.

పేపర్లో పడింది

రాజమండ్రిలో డాక్టర్ల సభ జరిగితే ప్రొఫెసర్ గారు అక్కడ ఈ ఫలితాల మీద మాట్లాడారు. కణంలో కాల్షియం గురించే మాట్లాడారు, ఆ మాట ఒప్పుకుంటాను. విన్న విలేకరి దాన్ని తనకి తోచినట్టు కుదించాడు. మర్నాడు జిల్లా పేజీలో ఆయన ఫొటోతో, కాల్షియం మానితే షుగరు మాయం అని వచ్చింది.

అంత పెద్ద అబద్ధం అంత చిన్న శీర్షికలో ఎలా ఇమిడిందో. మనం తిన్న కాల్షియం నేరుగా వెళ్ళి కొవ్వు కణంలో పోగుపడదు. రక్తంలో అది ఎంత ఉండాలో చూసుకోవడానికి మెడ దగ్గర గ్రంథులున్నాయి. తిండిలో తగ్గితే అవి ఎముకల్లోంచి లాగి రక్తంలో సర్దుతాయి. పైగా తిండిలో కాల్షియం తగ్గినప్పుడు ఒంట్లో పెరిగే హార్మోనే కొవ్వు కణంలో కాల్షియాన్ని పెంచుతుందని వాదించేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ మాట నిజమైతే ఈ సలహా తలకిందులు సలహా.

పేపరు ఆఫీసుకి ఫోన్ చేశాను. డెస్కులో ఉన్నాయన చాలా మర్యాదగా విన్నారు. చివర్న, మీరు డాక్టరా అండీ అని అడిగారు. కాదు, బయోకెమిస్ట్రీ అన్నాను. అయితే ప్రొఫెసర్ గారి చేత ఒక మాట చెప్పించండి మేడం, వేసేస్తాం అన్నారు.

ప్రొఫెసర్ గారు చెప్పలేదు. పైగా తుని క్లినిక్‌లో రోగులే ఆ పేపరు ముక్క చేత్తో పట్టుకుని వచ్చి, ఏవేవి మానమంటారండీ అని అడగడం మొదలుపెట్టారు. దేవుణ్ణి అడిగినట్టు అడిగితే ఏ మనిషైనా దేవుడిలాగే జవాబు చెబుతాడు. పాలు, పెరుగు, రాగి జావ, ముళ్ళతో తినే నెత్తళ్ళ లాంటి చిన్న చేపలు మానేయమన్నారు.

ఇక్కడ మన జనం సంగతి చెప్పాలి. మాత్రలు వేసుకోమంటే మరిచిపోతారు. నడవమంటే నవ్వుతారు. ఫలానాది తినొద్దు అంటే మాత్రం అది వెంటనే పథ్యం అయిపోతుంది. పథ్యాన్ని వ్రతంలా పాటిస్తారు. ఎందుకని అడగరు, ఎన్నాళ్ళని అడగరు, ఇంటిల్లిపాదీ కాపలా కాస్తారు. మంచి సలహా అయితే ఈ గుణం ఎంత మేలు చేసేదో, చెడ్డ సలహా కావడంతో అంతకి అంతా కీడు చేసింది.

కొంకర్లు

ఒక మధ్యాహ్నం ప్రసూతి వార్డు నుంచి రక్తం వచ్చింది. కాల్షియం ఎంత తక్కువ ఉందంటే యంత్రం చెడిపోయిందనుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. వార్డుకి ఫోన్ చేసి చెప్పి, మనసాగక నేనే వెళ్ళాను.

బాలింత, పాలిచ్చే పిల్ల. చేతివేళ్ళన్నీ దగ్గరికి ముడుచుకుపోయి, మణికట్టు వంగిపోయి, నోటి చుట్టూ తిమ్మిరని ఏడుస్తోంది. కాల్షియం ఎక్కిస్తున్నారు. మంచం పక్కన నెలల పిల్లాణ్ణి భుజాన వేసుకుని నిలబడింది నూకరత్నం. ఆ పిల్ల ఆవిడ కూతురు.

నన్ను చూసి గుర్తుపట్టి ఎదురొచ్చింది. ఏం పెడుతున్నారు పిల్లకి అని అడిగాను. ఆవిడ గొప్పగానే చెప్పింది.

"డాక్టరుగారు మానమన్నయ్యన్నీ మానిపించేశానండి. రోగం ఇంట్లో ఉంది కదా, నాకొచ్చింది రేపు దానికీ వస్తాది. పాల సుక్క తాగనివ్వలేదు. బాలింతకి సొరచేప పుట్టు పెట్టాలి మాకు, సముద్రంలోది కదాని అదీ పెట్టలేదండి."

మంచం మీద పిల్ల చేతులు మెల్లగా విచ్చుకోవడం చూస్తూ నిలబడ్డాను. ప్రసూతి వార్డు డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ చురుకైనది. సంగతి విని, కూతురికి పాలూ పెరుగూ చేపలూ అన్నీ పెట్టమని అక్కడే గట్టిగా చెప్పింది. నూకరత్నం కూతురి విషయంలో తలూపింది. మరి నువ్వో అంటే, నాది వేరేనండి, నాది షుగరు అంది.

అప్పుడు వరండాలో కూర్చోబెట్టి చెప్పాను. చెప్తానన్న మాట ఉంది కదా. నీ కొవ్వులో కాల్షియం ఎక్కువ కనపడిన మాట నిజమే నూకరత్నం, కానీ అది రోగం వల్ల కాదు, ముక్కని ఐసులో పెట్టి తెచ్చినందువల్ల, పేపర్లో వచ్చింది తప్పు, నువ్వు పెరుగు తిను, నెత్తళ్ళు తిను, వేసుకునే మాత్ర మాత్రం మానకు. ఆవిడ శ్రద్ధగా వింది. ఐసు సంగతి విని, అవునా అని ఆశ్చర్యపోయింది కూడా. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"ఈ మాట డాక్టరుగారు సెప్పమన్నారాండి?"

లేదు, నేనే చెబుతున్నానన్నాను. నేను నొచ్చుకోకుండా ఉండేలా ఆవిడ నాకు నచ్చజెప్పింది. పసరు మందు ఇచ్చిన నాటువైద్యుడి దగ్గర కూడా, పథ్యం పెట్టినవాడే విడుపు చెప్పాలట. ఇంకొకరి మాట విని ముందే విడిస్తే మందు తిరగబడుతుందట. "మీరు మంచి కోరే సెప్తన్నారండి, తెలుసు. ఆయన ఒక్కమాటంటే సాలు" అంది.

ఆ సాయంత్రమే ఆయన గదికి వెళ్ళాను. నేను బాలింతలకి చెప్పలేదే అన్నారు మొదట. వాళ్ళు అతి చేస్తే నేనేం చేస్తానన్నారు తర్వాత. పేపరుకి చెప్పొద్దు, సభల్లో చెప్పొద్దు, వచ్చే వారం తుని వెళ్ళినప్పుడు ఆ నూకరత్నానికి తినమని మీ నోటితో ఒక్కమాట చెప్పండి చాలు, ఆ వీధి వీధంతా వింటుంది అని అడిగాను. నా సర్వీసులో నేను ఎవరినైనా బతిమాలింది ఆ ఒక్కసారే.

"చూద్దాం లెండి" అన్నారు.

చెప్పలేదు. ఈలోగా ఆయన ఒక వైద్య పత్రికకి పంపిన వ్యాసం చదివిన పరీక్షకులెవరో, ముక్కల్ని ఎలా తెచ్చారని అడిగారు. అప్పుడు గత్యంతరం లేక వెచ్చగా తెప్పించారు. తేడా చూస్తే ఉందో లేదో చెప్పలేనంత తక్కువ. తొలి ఫలితాల్లో సాంకేతిక లోపం ఉండవచ్చునని ఒక పేరా, ఇంగ్లీషులో, తుని మార్కెట్లో ఎవరూ చూడని చోట అచ్చయింది. అంటే ఆయనకి అప్పటికి ఖాయంగా తెలుసు. ఇది గుర్తుపెట్టుకుని తర్వాతది చదవండి.

సన్మానం

ఆయన రిటైరైనప్పుడు తునిలో రోగులంతా కలిసి సన్మానం చేశారు. పెద్ద హాలు, పూలు, మైకు. కాలేజీ తరఫున మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. రోగులు ఒక్కొక్కళ్ళే వేదికెక్కి దండవేసి, తమకి ఎలా నయమైందో చెబుతున్నారు. వాళ్ళ కృతజ్ఞతలో అబద్ధం లేదు. చాలామందిని ఆయన నిజంగానే బతికించారు.

నూకరత్నం వాళ్ళ వీధి ఆడవాళ్ళతో కలిసి వచ్చింది. కొత్త చీర కట్టింది. దండవేసి, కాళ్ళకి దణ్ణం పెట్టి, మైకు ముందుకి రానంటే ఎవరో తోశారు. ఆవిడ మైకుని కాదు, ఆయన్ని చూసే అడిగింది.

"అయ్యా, పెరుగు తినక శానా కాలమైపోయిందండి. ఇంక తినొచ్చాండి?"

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఇంతకంటే మంచి తరుణం ఏముంటుంది, తినమ్మా అంటే అయిపోతుంది, ఎవరూ ఎందుకని కూడా అడగరు. ఆయన నావైపు చూశారు. చూశారని ప్రమాణం చేసి చెప్పగలను. ఆ తర్వాత ఆవిడ వైపు తిరిగి, షుగరు ఎంతుందమ్మా ఇప్పుడు అని అడిగారు. తగ్గిందండి అంది. తగ్గింది ఆయనే రాసిన మాత్రల వల్ల, ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు.

"చూశారా మరి. అలాగే కొనసాగించండమ్మా" అన్నారు మైకులో.

చప్పట్లు మోగాయి. నూకరత్నం కూడా చప్పట్లు కొట్టింది.

అప్పటిదాకా ఆయన నా దృష్టిలో పొరపాటు పడిన మనిషి. ఐసులో పెడితే పాడవదనుకోవడం పొరపాటు. పేపరువాడు రాసింది దిద్దకపోవడం బద్ధకం, కాస్త మోజు. ఆ మైకు ముందు అన్నది మాత్రం ఆ రెండూ కాదు. దానికి నా దగ్గర ఉన్న మాట నీచం. పెద్దవాళ్ళ గురించి ఇలా రాయొచ్చా అని మీకు అనిపిస్తే ఈ కాగితాలు పక్కన పెట్టేయండి.

కారు దగ్గర పట్టుకుని అడిగాను. దండలు తీసి డ్రైవరు చేతికిస్తూ, తల దించుకునే మాట్లాడారు. స్టేజీ మీద ఎలా చెప్తానండీ, ఇంతమంది ముందు, ఇన్నాళ్ళూ నేను చెప్పింది తప్పని, ఈ ఒక్కరోజు నన్ను వదిలేయండి అన్నారు. జాలి పడవలసిన చోటే అది. నాకు రాలేదు. ఈసారి క్లినిక్‌కి వస్తే చెప్పేస్తాను, మాటిస్తున్నాను అన్నారు. ఆ తర్వాత ఆయన తునిలో క్లినిక్ కొనసాగించలేదు. ఒంట్లో బాగుండక కొడుకు దగ్గరికి వెళ్ళిపోయి, అక్కడే పోయారు. పేపర్లో నివాళి ఘనంగా వచ్చింది. అందులో కొవ్వు కణాల పరిశోధనని కూడా పొగిడారు.

మీరు చేయబోయే పని

అమ్మాయిలూ, కొవ్వు కణాల మీద పని చేయండి. మంచి విషయం. కాల్షియాన్ని పంపులు ఊరికే తోడుతూ కొవ్వుని వేడిగా ఖర్చుపెట్టేసే కణాలు కూడా ఉన్నాయని ఇప్పుడు చెబుతున్నారు, నా వయసు తక్కువైతే నేనే ఎగబడేదాన్ని. ముక్క ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా వచ్చింది, ఎదురుగా పోల్చేది కూడా అదే దారిన వచ్చిందా అని ముందు అడగండి. ఆ జాగ్రత్తలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది. మీరు నిజం కనుక్కోవడంతో పని అయిపోదు. ఆ నిజాన్ని పలకడానికి ఒక నోరు కావాలి, ఆ నోరు చాలాసార్లు మీది కాదు. ఆ నోరున్న మనిషి వెనక పడండి. మర్యాదలు చూసుకోకండి, చూద్దాం లెండి అంటే గది వదిలి రాకండి.

నేనిప్పుడు తునిలో ఒక చిన్న ల్యాబులో పిల్లలకి పని నేర్పడానికి వారానికోసారి వెళుతున్నాను. పోయిన వారం మార్కెట్ మీదుగా నడుస్తుంటే, అమ్మగోరూ అని పిలిచింది నూకరత్నం. ముందు గుర్తుపట్టలేదు. నడుము వంగిపోయింది. లేచి నిలబడితే నా భుజం దాకా కూడా రాలేదు. ఆ వంపు పథ్యం వల్లనే అని నేను రుజువు చేయలేను. వయసుంది, మోసిన గంపలున్నాయి. పథ్యం మేలు చేయలేదని మాత్రం చెప్పగలను.

కూతురు బాగుందట, పిల్లాడు బడికి వెళుతున్నాడట. ఎదురుగా పళ్ళెంలో నెత్తళ్ళు మిలమిలలాడుతున్నాయి. తింటున్నావా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఆయన పోయారంట కదండి. ఇంక నన్ను తినమనేదెవరండి?"

నేను అంటున్నాను నూకరత్నం, తిను అన్నాను. మార్కెట్లో అందరూ తిరిగి చూసేలా అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అంది ఎంతో మర్యాదగా. ఈలోగా ఎవరో బేరానికి వచ్చారు. పళ్ళెంలో ఉన్న నెత్తళ్ళన్నీ ఎత్తి వాళ్ళ సంచిలో పోసేసింది.